నాలుగో పాయింట్

అక్టోబర్ 18, శుక్రవారం

ఉదయం ఏడున్నరకు మేం ఆ చోటికి చేరేసరికి నీలం బోటు అప్పటికే అక్కడుంది. నీలం పందిరి, వెనక నాలుగు గేలాలు. సరిగ్గా మా దారిలోనే మెల్లగా తిరుగుతోంది. కనాద్ చేప వేట మీద నిషేధం ముగిసి మూడు రోజులే అయింది. సీజన్‌లో మాకిది మొదటి శుక్రవారం.

చేపలు పడే ఆ చోటు ఫహద్ తండ్రి కనిపెట్టినది. మ్యాప్‌లో లేదు. ఫహద్ ఫోన్లోనూ లేదు. సరదా వేటకొచ్చే కస్టమర్లకు నీళ్లన్నీ ఒకటే. పైగా వాళ్లు ప్రతిసారీ కొత్తవాళ్లు.

కస్టమర్ల ముందు ఫహద్ ఏమీ అనలేదు. మెరీనా రేవుకు తిరిగొచ్చాక, బోటు కడుగుతున్న ఓంకార్‌నూ లైఫ్ జాకెట్లు లెక్కపెడుతున్న నన్నూ పిలిచాడు. ఫహద్ బలూచీ, ఈ గల్ఫ్ దేశంలోనే పుట్టినవాడు. ఉర్దూ నాకంటే బాగా మాట్లాడతాడు.

"ఆ చోటు ముగ్గురికే తెలుసు. నేను చెప్పలేదు. చెప్పినవాడెవరో తేలిన రోజు వాడి వీసా ఖలాస్. వేరే ఏ బోటూ వాణ్ణి ఎక్కించుకోదు. నేనే చెప్తాను అందరికీ."

తర్వాత నన్నొక్కణ్ణే ఆపాడు. "జావెద్ భాయ్, నువ్వు అఖ్బార్‌వాలావి కదా. కనిపెట్టు."

ఈ నోట్‌బుక్ అందుకే కొన్నాను.

అక్టోబర్ 19, శనివారం

తెలిసినవి.

ఫహద్: బోటు యజమాని, తనే నడుపుతాడు. ఓంకార్: డెక్ మీద మొత్తం పని. సోంపేట దగ్గర తీరం మనిషి, చిన్నప్పటి నుంచీ వేట. బోటు ఆరేడు నాట్ల వేగంతో పోతూ ఉత్తుత్తి చేపల్ని వెనక ఈడ్చుకుపోతుంటే, ఏ గేలం ఎంత దూరంలో ఉండాలో వాడు నీళ్ల రంగు చూసి చెబుతాడు. ఈ వేటను ట్రోలింగ్ అంటారు. నేను: బుకింగులు, ఇంగ్లీషు మాటలు, ఫోటోలు, ఇన్‌స్టా పేజీ. ప్రొద్దుటూరులో పదకొండేళ్లు ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గా చేశాను. మా ఊరికి సముద్రం ఎంత దూరమో కూడా తెలీకుండా పెరిగాను. నేను వంజరం అంటాను, ఓంకార్ కోనెం అంటాడు, ఫహద్ కనాద్ అంటాడు. చేప ఒకటే.

ముగ్గురిలో ఫహద్‌ని తీసేస్తే ఇద్దరు. నేను చెప్పలేదని నాకు తెలుసు కాబట్టి నన్నూ తీసేస్తున్నాను.

ఓంకార్ మీద నాకే కోపమూ లేదు. ఇది రాసి పెట్టుకోవాలి.

అక్టోబర్ 20, ఆదివారం

మెరీనా బయట మలబారీ టీ దుకాణం. ఓంకార్ నీలం బోటులో పనిచేసే సింహాచలంతో కూర్చుని ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే తీరం. సింహాచలం వేళ్లతో బల్ల మీద ఏదో గీస్తున్నాడు. నన్ను చూసి ఓంకార్ లేచి నిలబడ్డాడు.

"రండి గురువుగారూ, టీ తాగుదురు గాని."

"ఏం గీస్తాండాడు?"

"వలండి. వాల్లింట్లో కొత్త వల అల్లుతున్నారంట."

సింహాచలం అరచేత్తో బల్ల తుడిచేశాడు. పొడి బల్ల మీద తుడవడానికేముంది?

అక్టోబర్ 22, మంగళవారం

ఏమీ లేదు. గాలి ఎక్కువ, ట్రిప్ రద్దు.

అక్టోబర్ 25, శుక్రవారం

ఫహద్ చోటు మార్చాడు. ఇంకో గంట దక్షిణానికి. రెండు కనాద్‌లు, ఒక జెదర్, అంటే సూర చేప. రెండో కనాద్‌ను పైకి లాగుతున్నప్పుడు ఓంకార్ కేక పెట్టి చుక్కాని తనే పట్టుకున్నాడు. ఫహద్ వదిలేశాడు. నాలుగేళ్లలో నన్ను ఆ సీటు దగ్గరికి కూడా రానివ్వలేదు. అదిక్కడ అనవసరం.

అవసరమైనది ఇది. ఫోటోలు తీస్తుంటే ఓంకార్ అడ్డం వస్తున్నాడు. ఇవాళే కాదు, గుర్తు చేసుకుంటే పోయిన సీజన్ నుంచీ. కస్టమర్‌కు చేప చేతికిచ్చి, భుజం పట్టుకుని అటు తిప్పేస్తాడు, వెనక సముద్రం వచ్చేట్టు. పొద్దున సూర్యుడు సముద్రం మీద ఉంటాడు, అలా తీస్తే మొహం నల్లగా పడుతుంది. ఒడ్డు వెనక పెట్టుకుని నిలబడితే ఎండ నేరుగా మొహాన పడుతుంది, వెనక కొండలు కూడా బాగుంటాయి. పైగా ఫోటోలో స్థలం కనిపించాలి. రోడ్డు ప్రమాదమైతే మైలురాయి, ధర్నా అయితే ఆఫీసు బోర్డు. స్థలం లేని ఫోటో సాక్ష్యం కాదని డెస్క్‌లో మా ఇన్‌చార్జి ఎన్నిసార్లు తిప్పి పంపాడో.

"ఎనకాల కొండ వద్దండి," అన్నాడు ఓంకార్.

"ఏంటికి వద్దు?"

"వద్దండి. మావోల్లు అలా తీయరు."

"మీవోళ్లు కెమెరాలతో వేటకు పోతారా?"

నవ్వాడు. గేలం అందుకుని వెనక్కి పోయాడు.

స్థలం రికార్డు కాకూడదని ఎవరు కోరుకుంటారు? దాచడానికి ఏదో ఉన్నవాడు.

పేజీలో మూడు ఫోటోలు పెట్టాను. అన్నీ కొండ వైపే.

అక్టోబర్ 28, సోమవారం

కొత్త చోట నీలం బోటు. మాకంటే ముందు. సింహాచలం చెయ్యి ఊపాడు. ఓంకార్ కూడా ఊపాడు.

అక్టోబర్ 29, మంగళవారం

ఓంకార్‌కు జ్వరం, రాలేదు. ఫహద్ మళ్లీ చోటు మార్చాడు, ఇది మూడోది. రువీ నుంచి ఒక హైదరాబాదీ కుటుంబం. పెద్దావిడ హమీదున్నీసా గారు "ఫోటోలొద్దు బాబా, మా ఆడోళ్లున్నారు" అన్నారు. ఫోన్ జేబులో పెట్టేశాను. డెక్ పని అంతా నేనూ ఫహదూ చేశాం. ఒక చేప దారం తెంపుకుపోయింది. ముడి నాది.

అక్టోబర్ 31, గురువారం

ఓంకార్ వచ్చాడు. అదే మూడో చోటు. నీలం బోటు లేదు!

ఓంకార్ లేని రోజు వెతికిన చోటుకు నీలం బోటు రాలేదు. ఇంతకంటే ఏం కావాలి?

ఇవాళ ఓంకార్ కూడా ఆ చోటు చూశాడు. ఇక చూడాలి. కస్టమర్లు రుసైల్ ఫ్యాక్టరీ మేనేజర్లు, సరదా మనుషులు. ఫోటోలు బాగా వచ్చాయి.

నవంబర్ 3, ఆదివారం

మూడో చోట నీలం బోటు.

నేను ముందే అనుకున్నాను. ఫహద్ మొహం చూశాను. అతను నా మొహం చూశాడు. "రాసి ఇవ్వు," అన్నాడు. "నోటితో చెప్పింది నాకొద్దు."

రూమ్‌లో బాషాకు చెప్పాను. వాడు అల్ ఖువైర్‌లో ఒక కంపెనీ కారు నడుపుతాడు, కమలాపురం పిల్లోడు.

"ట్రోలింగు అంటే ఇన్‌స్టాలో తిట్టుకునేది గదన్నా? నువ్వు చేపలకు ఎట్ల చేస్తాండావో నాకు ఇప్పటికీ తెలీదు," అన్నాడు ముందు. తర్వాత, "ఆ ఓంకార్ మంచోడన్నా. రంజాన్‌లో నాకు ఇఫ్తార్‌కని చేపల పులుసు తెచ్చిచ్చినాడు."

"పులుసు సాక్ష్యం కాదు."

"నువ్వు ఈడ గూడా పేపరోడివే. ఆ మనిషి పోతే వాని పనెవరు చేస్తారు, నువ్వా?"

నవంబర్ 4, సోమవారం

రిపోర్టు. ఇక్కడ కూడా ఉంచుతున్నాను.

ఒకటి: అక్టోబర్ 20న ఓంకార్ నీలం బోటు సింహాచలంతో టీ దుకాణంలో కలిశాడు. బల్ల మీద గీశారు, నన్ను చూసి తుడిచేశారు.

రెండు: అక్టోబర్ 28న ఇద్దరూ సముద్రం మీద చేతులు ఊపుకున్నారు.

మూడు: ఓంకార్ సెలవులో ఉన్నప్పుడు వెతికిన చోటుకు నీలం బోటు రాలేదు. ఓంకార్ చూసిన మూడు రోజులకే వచ్చింది.

నాలుగు: చోటు ఆధారాలు రికార్డు కాకుండా ఓంకార్ పదేపదే అడ్డుపడుతున్నాడు. కస్టమర్ వెనక కొండలు రాకుండా తిప్పేస్తున్నాడు. కారణం అడిగితే చెప్పడు.

విశేషణాలు లేవు. నాలుగూ నేను కళ్లతో చూసినవే.

నవంబర్ 5, మంగళవారం

ఫహద్‌కు ఉర్దూలో చదివి వినిపించాను. ఒకటి, రెండు, మూడు వింటూ తల ఊపాడు. నాలుగో పాయింట్ దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

"కొండలు ఫోటోలో ఉంటాయా?"

"ఉంటాయి. నేను ఉండేట్టే తీస్తాను."

"ఆ ఫోటోలు ఎక్కడుంటాయి?"

"పేజీలో. అందరూ చూడొచ్చు. వాటివల్లే కదా బుకింగులు వస్తున్నాయి."

కాసేపు కిటికీలోంచి బోటు వైపు చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "షుక్రన్" అన్నాడు. నాతో ఉర్దూ మాట్లాడే మనిషి థాంక్స్ చెప్పడానికి అరబ్బీలోకి ఎందుకు మారాడో.

నాలుగో పాయింట్ బలమైనదని నాకు ముందే తెలుసు.

నవంబర్ 6, బుధవారం

"పద్దెనిమిదో తారీఖుకి హైదరాబాద్ టికెట్ ఒకటి తియ్యి," అన్నాడు ఫహద్. అంతే అన్నాడు.

తీశాను. ఓంకార్ పాస్‌పోర్టు కాపీ నా దగ్గరే ఉంది. హైదరాబాద్ నుంచి విశాఖ రైలు వాడే చూసుకుంటాడు.

వాడికి నేనే చెప్పాను. తాడు చుడుతున్నవాడు చుట్టడం ఆపలేదు. "సరేనండి," అన్నాడు. సాయంత్రానికి మెరీనా అంతా తెలిసిపోయింది. టీ దుకాణంలో ఒకడు వాణ్ణి "దారి అమ్మేవాడు" అన్నాడట. ఆ మాట నాది కాదు.

నాకు ఓంకార్ మీద ఏ కోపమూ లేదు.

నవంబర్ 8, శుక్రవారం

కస్టమర్ ఒక్కడే. సోహార్ ఫ్యాక్టరీలో ఇంజనీరు, కెనడా ఆయన, అరవై దాటాయి. గేలాలు ఎలా వేస్తారో ఆయనే ఓంకార్‌కు చెప్పబోయి, ఓంకార్ వేసింది చూసి ఊరుకున్నాడు.

వాళ్ల దేశంలో సాల్మన్, ట్రౌట్ చేపల కోసం ఇలాగే తిరుగుతారట, కానీ మంచినీళ్ల సరస్సుల మీద. అవతలి ఒడ్డు కనిపించనంత పెద్దవి. ఎండాకాలం చేప అడుగున చల్లటి నీళ్లలోకి పోతుంది. అందుకని సీసం గుండు ఒకటి తీగకు కట్టి దించుతారు, గేలం దారం దానికి తగిలించి. చేప తగలగానే దారం ఊడివస్తుంది. ఓంకార్‌కు బొమ్మ గీసి చూపించాడు. ఓంకార్ "ఎన్ని బారల లోతండి?" అని నాచేత అడిగించాడు. వాడికి ఇంకా పది రోజులే ఉంది. తెలుసుకుని ఏం చేస్తాడు?

ఆయనకు మంచి కనాద్ పడింది. ఎప్పటిలాగే ఒడ్డు వైపు వీపు పెట్టి నిలబడమన్నాను. ఆయన తనే తిరిగి సముద్రం వైపు వీపు పెట్టాడు.

"మొహం నల్లగా పడుతుంది," అన్నాను.

"పడనీ. మా సరస్సు మీద ఒడ్డు కనిపించే ఫోటో తీస్తే మనిషిని మళ్లీ పడవ ఎక్కించుకోరు."

"ఎందుకని?"

నేను హాస్యమాడుతున్నానేమో అన్నట్టు చూశాడు. తర్వాత వేలితో చూపించాడు. ఆ తెల్ల టవరు రెండు శిఖరాల నడుమ కొండ మెడకు సరిగ్గా పైన ఉంది కదా. అవి రెండూ ఒక గీత. ఇటు ఆ బోడి రాయి వెనక రెండో కొండ అంచు కనిపిస్తోంది కదా. అదింకో గీత. రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో అక్కడున్నాం మనం. "చదవడం వచ్చినవాడికి మీరు మ్యాప్ అచ్చువేసి ఇస్తున్నారు."

ఓంకార్ గేలం చుడుతున్నాడు. ఆ ఇంగ్లీషు వాడికి అర్థం కాలేదనే అనుకుంటాను. వేలు ఎటు చూపించాడో చూశాడు.

ఫహద్ వెనక్కి తిరగలేదు.

నవంబర్ 9, శనివారం

పేజీ మొత్తం చూశాను. అక్టోబర్ 16న, అంటే మొదటి శుక్రవారానికి రెండు రోజుల ముందు, సీజన్ మొదలైందని పోయినేటి ఫోటోలు రెండు పెట్టాను. వెనక కొండ మెడ, టవరు. 18న నీలం బోటు. 25న మూడు. 28న నీలం బోటు. 29న ఫోటోలు లేవు. 31న నీలం బోటు లేదు. 31 సాయంత్రం ఒకటి పెట్టాను. 3న నీలం బోటు.

ఈ సీజన్‌లో మొత్తం ఆరు.

రుజువు కాదు. కాకతాళీయం కావచ్చు. సింహాచలానికి ఇన్‌స్టా ఉందో లేదో తెలీదు.

ఆరూ తీసేశాను. ఇకమీద చోటు బయటపడకుండా ఉండటానికి. వ్యాపారానికి మంచిది.

నవంబర్ 10, ఆదివారం

తీసేయడమంటే ఒప్పుకోవడం కాదు.

నవంబర్ 12, మంగళవారం

ఓంకార్ నాకు ముడి నేర్పిస్తున్నాడు. కొత్తవాడు వచ్చేదాకా డెక్ పని నాదే అన్నాడు ఫహద్.

"మూడు సుట్లు కాదండి, అయిదు. లాలాజలం పెట్టి లాగాల. పొడి దారం లాగితే కాలిపోద్ది."

అయిదు చుట్టాను. ఎవరూ లేరు. అడిగాను.

"నీకు తెలుసా ఓంకార్?"

"ఏటండి?"

"ఫోటోల సంగతి."

"తెల్సండి. సింహాచలం నవ్వుతా సెప్పినాడు, మీ పేపరాయన మాకు దారి సూపెడతన్నాడని. ఆ దినం బల్ల మీద గీసింది అదే. మీరొచ్చేసరికి తుడిసేసినాడు."

"నాకెందుకు చెప్పలే?"

"ఎనకాల కొండ వద్దని సెప్పినాను గదండి. ఎన్నిసార్లు సెప్పినాను!"

"ఎందుకో చెప్పలే గదా నువ్వు! అడిగితే నవ్వినావు."

"చోటు గురుతు నోటితో పలక్కూడదండి. మా అయ్య నాకు కూడా సెప్పలేదు, సూసి నేర్సుకోమన్నాడు." ముడి తీసుకుని, చూసి, తిరిగి ఇచ్చాడు. "మీరు పేపరోరు. సూస్తే తెల్సిపోద్ది అనుకున్నాను."

"ఫహద్‌కు చెప్పుండొచ్చు."

"ఏమని సెప్తానండి? మీది కాయితం. నాది నోరు." ఇంకో దారం తీసి ఇస్తూ అన్నాడు, "ఏ బోటోడూ రమ్మనడం లేదండి ఇప్పుడు. సింహాచలం అడిగి సూసినాడు. సొంత బోటు దారి అమ్మినోడు రేపు మా దారి అమ్మడా అంటన్నారంట."

మళ్లీ చుట్టాను. ముడి ఆరోసారికి నిలిచింది.

నవంబర్ 13, బుధవారం

ఫహద్ దగ్గరికి వెళ్లాలని బయల్దేరాను. అతను ఫోన్లో ఉన్నాడు. వచ్చేశాను.

అది కారణం కాదు. అతను ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు కూడా.

నవంబర్ 14, గురువారం

చెప్పాను.

ఫహద్‌కు తేదీలు వరుసగా చెప్పాను, ఆరు ఫోటోలు, మూడు తేదీలు. అతను వింటూ ఖర్జూరం గింజలు ఒక్కొక్కటీ పళ్లెంలో వేస్తున్నాడు. ఆశ్చర్యపోలేదు.

"నాలుగో పాయింట్ విన్న రోజే ఇంటికెళ్లి మా అమ్మాయి హుమాను ఆ పేజీ చూపించమన్నాను," అన్నాడు. "కొండలు చూశాను. మా నాన్న నాకు పన్నెండేళ్లకు చూపించిన కొండలు. ఇన్నేళ్లలో ఆ పేజీ ఒక్కసారీ తెరవకపోవడం నా తప్పు. నీకు తెలీక చేశావనుకున్నాను. సముద్రం లేని ఊళ్లోవాడివి."

"మరి టికెట్..."

"టికెట్ ఒకటి తియ్యమన్నాను. ఎవరి పేరు చెప్పాను?"

గుర్తు చేసుకున్నాను. ఈ నోట్‌బుక్‌లోనే ఉంది, ఆరో తారీఖు. ఎవరి పేరూ చెప్పలేదు.

"నువ్వు కూడా అడగలేదు. ఎవరికి అని ఒక్క మాట. అడుగుతావని చూశాను యార్. అఖ్బార్‌వాలా కదా."

"అప్పుడు నాకు తెలీదు."

"సరే. శుక్రవారం ఆ ముసలాయన వేలు పెట్టి చూపించాడు. వెనకే ఉన్నాను, విన్నాను. ఇప్పుడు వస్తాడు అనుకున్నాను. శనివారం రాలేదు. ఆదివారం హుమాను మళ్లీ చూపించమన్నాను." పళ్లెం పక్కకు జరిపాడు. "ఆరు ఫోటోలు లేవు."

పదకొండేళ్లు ఫైళ్లు మాయం చేసిన గుమాస్తాల మీద వార్తలు రాశాను.

"ఫోటోలు పెట్టినందుకు కాదు," అన్నాడు ఫహద్. "తీసేసి, అయిదు రోజులు ఊరుకుని, వాడి చేతే ముడులు నేర్చుకున్నావు."

ఓంకార్ టికెట్ రద్దు చేశాను. నా పాస్‌పోర్టు నంబరుతో ఇంకోటి తీశాను. అదే విమానం.

బయటికి వస్తుంటే పిలిచాడు. "వాడికున్నదల్లా వాడి మంచి పేరే. ఈ మెరీనాలో దాన్ని నువ్వు పాడు చేశావు. అది నేను బాగు చెయ్యలేను."

నవంబర్ 15, శుక్రవారం

పత్రికలో నా వార్తకు ఒక్కసారి కూడా సవరణ పడలేదు. ఇవాళ మొదటిది రాశాను. టీ దుకాణం గోడకు అతికించడానికి, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి.

ముందు అలవాటు ప్రకారం రాశాను. "నవంబర్ 5న ఇచ్చిన ఒక రిపోర్టులో ఓంకార్ గురించి కొన్ని పొరపాట్లు దొర్లాయి. అందుకు విచారిస్తున్నాను."

'దొర్లాయి' కొట్టేశాను. అవి వాటంతటవే దొర్లలేదు. 'కొన్ని' కొట్టేశాను. 'పొరపాట్లు' దగ్గర చాలాసేపు ఆగాను. అయిదో తారీఖుదాకా అది పొరపాటే. తొమ్మిదో తారీఖు నుంచి కాదు.

మిగిలింది పట్టుకుని ఓంకార్ దగ్గరికి వెళ్లాను. అచ్చయ్యే ముందు సంబంధించిన మనిషికి చదివి వినిపించడం నేను ఎప్పుడూ చేయని పని. వాడు గేలాలు మంచినీళ్లతో కడుగుతూ విన్నాడు. చివర ఆపాడు.

"ఇసారిస్తన్నారా? ఇంకా ఏటి ఇసారించాలండి? మీ ఇసారణ అయిపోనాది గదా!"

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు.

"అది కాదప్పా. బాధపడతాండానని."

"అది గోడకెందుకండి?" అన్నాడు. "నాకు సెప్పినారు గదా ఇప్పుడు. గోడకి జరిగింది రాయండి."

ఆ మాటా తీసేశాను. చివరికి గోడ మీద ఉన్నది ఇది:

"మూడు చోట్లూ నీలం బోటుకు తెలిసింది నేను పెట్టిన ఫోటోల వల్ల. అది తెలిశాక ఆ ఫోటోలు తీసేసి, ఆరు రోజులు ఓంకార్‌ను దొంగగా ఉండనిచ్చాను. జావెద్."

అతికిస్తుంటే సింహాచలం వచ్చి రెండుసార్లు చదివాడు. ఫోన్ తీసి దాన్ని ఫోటో తీసుకున్నాడు. నేను పక్కకు జరిగి, వెలుతురు పడనిచ్చాను.